ఉద్యోగం ఒకరిది, ప్రయాణం అయిదుగురిది: కుటుంబంతో మారిషస్‌కు

మీ ప్రశ్నను ఒకసారి నా మాటల్లో చెప్పుకుంటాను. మారిషస్ లోపలి భాగంలో, సముద్రానికి దూరంగా ఉన్న ఎబెన్‌లోని ఒక కంపెనీలో మీకు మూడేళ్ళ ఉద్యోగం వచ్చింది. మీ భార్య, పన్నెండేళ్ళ అమ్మాయి, అయిదేళ్ళ అబ్బాయి, అరవై ఎనిమిదేళ్ళ అమ్మగారు మీతో వస్తారు. ఇల్లు సముద్రపు ఒడ్డున గ్రాండ్ బేలో తీసుకోవాలా, ఆఫీసుకు దగ్గరలోనా, బయలుదేరే ముందు ఏమేం చూసుకోవాలి అని అడిగారు. పదేళ్ళ క్రితం మేమూ ఇలాగే ఇద్దరు పిల్లలతో, మా అత్తగారితో వచ్చాము. ఆ ఆఫర్ లెటర్ మా వారి పేరు మీద వచ్చింది, నాకు రాలేదు. అందుకే ఉద్యోగం లేకుండా ఈ ద్వీపానికి వచ్చిన మనిషి వైపు నుంచి ఈ సమాధానం రాస్తున్నాను. నేను చూసినంతవరకు, గడువుకు ముందే తిరిగి వెళ్ళిపోయిన కుటుంబాల్లో ఉద్యోగం నచ్చక వెళ్ళినవారు చాలా తక్కువ. ఇంట్లో ఉన్నవారి పగలు గడవకపోవడం వల్లనే ఎక్కువమంది వెళ్ళిపోయారు.

ముందుగా ఇంటి సంగతి. ద్వీపం చిన్నది, మొత్తం 2,000 చదరపు కిలోమీటర్లకు కాస్త తక్కువ. అంత చిన్నచోట ఎక్కడ ఉంటే ఏమిటని మేమూ అనుకున్నాము. వచ్చాక తెలిసింది, ఇక్కడ అరగంట ప్రయాణంలో వాతావరణం మారిపోతుంది. మధ్యలో పీఠభూమి ఉంది. దాని మీద దాదాపు 550 మీటర్ల ఎత్తున ఉన్న కూర్పీప్ పట్టణంలో జూలై, ఆగస్టు నెలల్లో రోజుల తరబడి సన్నని జల్లు పడుతూనే ఉంటుంది, స్వెట్టర్ లేకుండా ఉండలేము. అదే సమయంలో పడమటి తీరంలోని ఫ్లిక్ ఆన్ ఫ్లాక్, తమారిన్ ప్రాంతాలు పొడిగా, ఎండగా ఉంటాయి. తూర్పున బెల్ మార్ వైపు శీతాకాలమంతా ఆగ్నేయపు గాలి వీస్తుంది. ఇక్కడ ఋతువులు మనకు తలకిందులు: డిసెంబరు, జనవరి మండువేసవి, జూలై చలికాలం. ఫొటోల్లో కనిపించే ఇల్లు ఏ ప్రాంతంలో, ఏ నెలలో తీసినదో తెలుసుకోకుండా అడ్వాన్సు కట్టవద్దు. మేము మొదట ఫొటోలు చూసి పీఠభూమి మీద ఒక ఇల్లు తీసుకున్నాము. ఆరు వారాలు తిరగకముందే బీరువాలో ఉన్న నా పట్టుచీరల అంచుల మీద బూడిదరంగు బూజు పట్టింది, పిల్లల పుస్తకాల అట్టలు వంకరలు తిరిగాయి, గోడకు ఆనించిన మంచం వెనుక చేయి పెడితే తడి తగిలేది. ఏజెంటు మాత్రం కిటికీలు తెరిచి ఉంచమని చెప్పి ఊరుకున్నాడు. అక్కడి నుంచి సముద్రపు ఒడ్డుకు మారితే ఉప్పుగాలికి ఫ్రిజ్ వెనుకభాగం, ఇస్త్రీపెట్టె, కుట్టుమిషను తుప్పు పట్టడం మొదలుపెట్టాయి.

తీరప్రాంతపు ఇంట్లో ఇంతకంటె పెద్ద చిక్కు మరొకటి ఉంది. సాయంత్రమయ్యేసరికి బస్సులు పలచబడతాయి. కారు మా వారు ఆఫీసుకు తీసుకువెళ్ళేవారు. నేను, అత్తగారు, చిన్నపిల్ల, ఎదురుగా సముద్రం. మొదటి నెల అది స్వర్గంలాగే ఉంది. నాలుగో నెలకు వచ్చేసరికి ఒక కొత్తిమీర కట్ట కోసం కూడా ఆయన రావాలని ఎదురుచూడవలసిన స్థితిని నేను తట్టుకోలేకపోయాను. ఎనిమిదో నెలలో కాత్ర్ బోర్న్‌కు మారాము. ఆ పట్టణంలో సందడి ఎక్కువ, అందం తక్కువ. కానీ నడిచివెళ్ళగల దూరంలో బజారు, మందుల దుకాణం, బస్సు స్టాండు ఉన్నాయి. పోర్ట్ లూయిస్ నుంచి రోజ్ హిల్, కాత్ర్ బోర్న్, వాక్వా మీదుగా కూర్పీప్ వరకు 2022 నుంచి మెట్రో ఎక్స్‌ప్రెస్ రైలు నడుస్తోంది, ఎబెన్ వైపు ఒక శాఖ కూడా ఉంది. కనుక నా సలహా సూటిగా చెబుతాను: మొదటి సంవత్సరం గ్రాండ్ బేలో ఉండవద్దు. అక్కడి నుంచి ఎబెన్‌కు రావాలంటే ఉదయంపూట రాజధాని పోర్ట్ లూయిస్ చుట్టుపక్కల ట్రాఫిక్‌ను దాటవలసి ఉంటుంది. మీకు ఆ ప్రయాణం అలవాటు కావచ్చు. మీరు రోజుకు ఎన్ని గంటలు ఇంట్లో లేకుండా పోతారన్నది మీ భార్య లెక్కపెట్టుకుంటారు. రోజ్ హిల్, కాత్ర్ బోర్న్, మోకా ప్రాంతాల్లో అద్దెకు చూడండి. సముద్రానికి ఆదివారం వెళ్ళవచ్చు, గంటలోపే చేరతారు.

ఇల్లు చూసేటప్పుడు నాలుగు విషయాలు అడగండి, సమాధానం కళ్ళారా చూసుకోండి. పైకప్పు మీద నీళ్ళ ట్యాంకు, పంపు ఉన్నాయా? అక్టోబరు నుంచి వానలు పడేదాకా కొన్ని ప్రాంతాల్లో కుళాయి నీళ్ళు గంటల లెక్కన వస్తాయి. కిటికీలకు తుఫాను తలుపులు ఉన్నాయా? ఇల్లు పల్లంలో గాని, వాగు పక్కన గాని ఉందా? కిందటి అద్దెదారుల కరెంటు బిల్లు చూపగలరా? కొనే ఆలోచన మాత్రం ఇప్పుడు వద్దు. విదేశీయులు ఆస్తి కొనడంపై ఇక్కడ 1975 నాటి చట్టం ఉంది. ప్రత్యేకంగా అనుమతించిన పథకాల కిందనే కొనగలరు.

తుఫానుల గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే మన కోస్తా తుఫానులు చూసినవారు కూడా ఇక్కడి హెచ్చరికల పద్ధతిని తప్పుగా అర్థం చేసుకుంటారు. నవంబరు నుంచి మే నెల మధ్యవరకు తుఫానుల కాలం. వాక్వాలో ఉన్న వాతావరణ శాఖ ఒకటి నుంచి నాలుగు వరకు క్లాసు హెచ్చరికలు ఇస్తుంది. గంటకు 120 కిలోమీటర్ల వేగంతో గాలులు తాకే అవకాశం ఉన్నప్పుడు 36 నుంచి 48 గంటల ముందు క్లాసు ఒకటి, అవి దగ్గరపడే కొద్దీ రెండు, మూడు, అంత గాలి నిజంగా నమోదయ్యాక నాలుగు. ఇక్కడ గమనించవలసినదేమిటంటే ఈ అంకెలు గాలిని కొలుస్తాయి, వానను కొలవవు. 2024 జనవరి 15న బెలాల్ తుఫాను వచ్చిన ఉదయం ఎంతోమంది మామూలుగానే ఆఫీసులకు వెళ్ళారు. మధ్యాహ్నానికి పోర్ట్ లూయిస్ వీధుల్లో కార్లు వరదలో ఒకదానిపై ఒకటి ఎక్కాయి. 2013 మార్చి 30న తుఫాను లేకుండానే కురిసిన కుండపోత వానకు అదే నగరంలో 11 మంది చనిపోయారు. పోర్ట్ లూయిస్ వెనుకనే కొండలు ఉన్నాయి, నీరు నిమిషాల్లో కిందికి వస్తుంది. అందుచేత హెచ్చరిక అంకె చిన్నదే కదా అని బయలుదేరవద్దు. మబ్బు కొండల మీద దిగితే మీ కంపెనీ ఏమన్నా సరే, పిల్లలను తీసుకుని ఇంటికి వెళ్ళండి. ఇంట్లో కొవ్వొత్తులు, టార్చీ, ఆరు రోజులకు సరిపడా మందులు, బిందెలనిండా నీళ్ళు ఉంచుకోవడం మాకు అలవాటైపోయింది. 1960లో వచ్చిన కేరల్ తుఫాను తర్వాత ఇక్కడ రేకుల ఇళ్ళ స్థానంలో కాంక్రీటు ఇళ్ళు పెరిగాయి. కాబట్టి గట్టి ఇంట్లో తలుపులు వేసుకుని ఉంటే ప్రాణభయం అక్కరలేదు. ఒక రాత్రంతా ఆ గాలి ఈల వింటూ కూర్చోవడం మాత్రం పిల్లలకు కష్టం. మా చిన్నది నా చీర కొంగు వేలికి చుట్టుకుని నిద్రపోయింది, తెల్లవారేసరికి ఆ వేలు నీలంగా కమిలి ఉంది.

ఇప్పుడు మీ అమ్మాయి చదువు. మీ మొత్తం ప్రణాళికలో నాకు ఆందోళన కలిగించిన విషయం ఇదే. ఇక్కడ ప్రభుత్వ విధానంలో విద్యా సంవత్సరం జనవరిలో మొదలై నవంబరు వరకు సాగుతుంది. లీసేలనే ఫ్రెంచి పద్ధతి బళ్ళు సెప్టెంబరు ప్రాంతంలో మొదలవుతాయి. ఆరో గ్రేడు చివర ఒక పెద్ద పరీక్ష, తొమ్మిదో గ్రేడు చివర ఇంకొకటి, ఆ పైన కేంబ్రిడ్జి వారి స్కూల్ సర్టిఫికెట్, హయ్యర్ స్కూల్ సర్టిఫికెట్. బోధనాభాష పేరుకు ఇంగ్లీషే. ఉపాధ్యాయులు మాత్రం వివరించేటప్పుడు తరచుగా ఇక్కడివారి ఇంటిభాష క్రియోల్‌లోకి, ఫ్రెంచిలోకి వెళ్ళిపోతారు. ఫ్రెంచి ఒక ముఖ్యమైన సబ్జెక్టు. తోటిపిల్లలు దాన్ని మొదటి తరగతి నుంచి చదువుతూ వస్తారు. పన్నెండేళ్ళ వయసులో అడుగుపెట్టే పిల్లకు అది గోడలా అడ్డు నిలుస్తుంది. అయిదేళ్ళ మీ అబ్బాయికి ఈ బాధ లేదు, ఆరు నెలల్లో క్రియోల్ మాట్లాడతాడు, మీరే వాడిని అర్థాలు అడుగుతారు. మా పెద్దవాడు ఆరో తరగతి మధ్యలో వచ్చాడు. తరగతిలో ఇంగ్లీషు, ఇంటర్వెల్ గంట మోగగానే అందరూ క్రియోల్. టిఫిన్ డబ్బా పట్టుకుని మామిడిచెట్టు కింద ఒక్కడే తినేవాడని చాలా నెలల తర్వాత, అదీ వేరేవాళ్ళ ద్వారా తెలిసింది. మమ్మల్ని బాధపెట్టడం ఎందుకని చెప్పలేదట. కనుక అమ్మాయిని ఇంగ్లీషు ప్రధానంగా నడిచే, కేంబ్రిడ్జి వారి పదో తరగతి స్థాయి పరీక్ష ఐజీసీఎస్‌ఈ గాని, ఐబీ అనే అంతర్జాతీయ సిలబస్ గాని ఉన్న ప్రైవేటు బడిలో చేర్చండి. బయలుదేరడానికి ముందే ఫ్రెంచి ట్యూషను పెట్టించండి, కనీసం నాలుగు నెలలు.

సీటు చేతికి రాకముందు ఇల్లు తీసుకోవద్దు. మంచి బళ్ళలో సీట్లు తక్కువ, రిజిస్ట్రేషను రుసుము చాలాచోట్ల తిరిగి ఇవ్వరు. మేము ఇల్లు ముందు తీసుకుని, బడి తర్వాత వెతికి, ఒక బడిలో కట్టిన సొమ్ము పూర్తిగా పోగొట్టుకున్నాము. ఆ బడి మా ఇంటికి గంటంబావు దూరం.

అంతకంటె పెద్ద విషయం తిరిగి వెళ్ళడం. పన్నెండేళ్ళ పిల్లకు మూడేళ్ళ ఒప్పందం అంటే పదిహేనో ఏట, సరిగ్గా పదో తరగతి ముంగిట తిరిగి వెళ్ళాలి. సీబీఎస్‌ఈలో విద్యార్థుల రిజిస్ట్రేషను తొమ్మిదో తరగతిలోనే జరుగుతుంది, నేరుగా పదిలో చేరడం ఎంతో కష్టం. పైగా ఇక్కడి సంవత్సరం జనవరిది, అక్కడ సీబీఎస్‌ఈది ఏప్రిల్, రాష్ట్ర సిలబస్‌ది జూను. ఆ తేడాకే కొన్ని నెలలు పోతాయి. అందుచేత కంపెనీతో ఇప్పుడే మాట్లాడండి. వీలైతే రెండేళ్ళకు ఒప్పుకోండి, లేదా అమ్మాయి ఐజీసీఎస్‌ఈ పూర్తిచేసేదాకా పొడిగించుకునే హక్కు ఒప్పందంలో రాయించుకోండి. అయిదు సబ్జెక్టులతో ఐజీసీఎస్‌ఈ ఉంటే భారత విశ్వవిద్యాలయాల సంఘం దాన్ని పదో తరగతికి సమానంగా గుర్తిస్తుంది. అప్పుడు పదకొండో తరగతికి గాని, ఇంటర్మీడియట్‌కు గాని తిరిగి రావచ్చు. జీతం గురించి వంద ప్రశ్నలు అడిగేవారు ఈ ఒక్క లెక్క వేసుకోరు.

కాగితాల గురించి తొందరగా చెప్పేస్తాను. మీకు కావలసినది ఆక్యుపేషన్ పర్మిట్. ఉద్యోగానికి, నివాసానికి కలిపి ఒకటే అనుమతి ఇది. ఆర్థికాభివృద్ధి మండలి ద్వారా ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేస్తారు. భార్యకు, పిల్లలకు, మీపై ఆధారపడిన తల్లికి కూడా దానికి అనుబంధంగా నివాస అనుమతి దొరుకుతుంది. జీతం పరిమితులు, గడువులు ప్రతి ఏటి బడ్జెట్‌తో మారుతుంటాయి. కనుక పాత సమాచారం నమ్మక, మీ భార్య ఉద్యోగం చేయవచ్చునా అన్న ప్రశ్నకు మండలి నుంచి రాతపూర్వకంగా సమాధానం తెచ్చుకోండి. పెళ్ళి సర్టిఫికెట్టు, పిల్లల జనన ధ్రువపత్రాలు, మీ డిగ్రీలు, పోలీసు క్లియరెన్సు తప్పక కావాలి. ఒక దేశపు పత్రాలను ఒకే ముద్రతో మరో దేశం గుర్తించే అపోస్టిల్ ఒప్పందంలో భారత్, మారిషస్ రెండూ ఉన్నాయి, కాబట్టి రాష్ట్రస్థాయి ధ్రువీకరణ తర్వాత విదేశాంగ శాఖ అపోస్టిల్ ముద్ర చాలు. జనన ధ్రువపత్రంలో పిల్ల పేరు లేకపోవడం, పాస్‌పోర్టులో ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనుక ఉండడం మన తెలుగువాళ్ళ కాగితాల్లో మామూలే. ఇవి అక్కడున్నప్పుడే సరిచేయించండి, ఇక్కడి నుంచి చేయించడం నరకం. రక్తపరీక్షలు, ఛాతీ ఎక్స్‌రే కూడా అడుగుతారు.

డబ్బు విషయంలో రెండు దేశాలకూ రూపాయే ఉండడం వల్ల మొదట తికమక పడతారు. మారిషస్ రూపాయి మన రూపాయికి రెండింతలకు కాస్త అటూ ఇటూగా మారుతుంటుంది. జీతం అంకెను గుణించి సంతోషించకండి, ఎందుకంటే ద్వీపంలో తినేది, వాడేది చాలావరకు ఓడల్లో రావాలి. ఇక్కడి పన్ను సంవత్సరం జూలై నుంచి జూన్ వరకు, మనది ఏప్రిల్ నుంచి మార్చి వరకు. ఒకే ఆదాయంపై రెండుసార్లు పన్ను పడకుండా రెండు దేశాల మధ్య ఒప్పందం ఉంది. బయలుదేరాక భారత్‌లోని సేవింగ్స్ ఖాతాను ఎన్‌ఆర్‌ఓగా, అంటే ప్రవాసుల ఖాతాగా మార్పించాలి. పీపీఎఫ్ ఉంటే గడువు ముగిసేదాకా కొనసాగించవచ్చు, పొడిగించలేరు.

మీ అమ్మగారి ఆరోగ్యం గురించి రాయలేదు. ప్రభుత్వ ఆసుపత్రులు ఇక్కడ మంచివే. కాత్ర్ బోర్న్ దగ్గర కాందోస్‌లో విక్టోరియా ఆసుపత్రి, పోర్ట్ లూయిస్‌లో జీతూ ఆసుపత్రి ఉన్నాయి. విదేశీయులు మాత్రం ప్రైవేటు బీమా మీదనే ఆధారపడాలి. ఆ వయసులో పాత జబ్బులకు బీమా వర్తిస్తుందా అన్నది సంతకానికి ముందు చదవండి. కష్టమైన ఆపరేషన్లకు ఇక్కడివారే ఎంతోమంది భారతదేశానికి వెళుతుంటారు. ఆవిడకు గుండె జబ్బు గాని, కిడ్నీ సమస్య గాని ఉంటే మొదటి సంవత్సరం తీసుకురావద్దనే చెబుతాను, ఎంత బాధగా ఉన్నా సరే. వాడే మందులకు డాక్టరు చీటీ వెంట ఉంచండి. నిద్రమాత్రలు, ట్రమడాల్ వంటి నొప్పిమాత్రలకు ముందుగా అనుమతి కావాలి, లేకపోతే విమానాశ్రయంలోనే చిక్కులు వస్తాయి. మరొకటి, ఇక్కడ 1998 నుంచి స్థానికంగా మలేరియా సోకడం లేదు. ఆ స్థితిని కాపాడుకోవడానికి మన దేశం నుంచి వచ్చినవారి చిరునామా రాసుకుని, తర్వాత ఆరోగ్యశాఖ వారు ఇంటికి వచ్చి రక్తపు చుక్క తీసుకుంటారు. భయపడకండి, సహకరించండి. డెంగీ, చికున్‌గున్యా మాత్రం అప్పుడప్పుడు వస్తాయి. పిల్లలు సముద్రంలోకి దిగేటప్పుడు రబ్బరు చెప్పులు వేయండి. పగడపు దిబ్బ లోపల నీళ్ళు ప్రశాంతంగా ఉంటాయి గాని అడుగున రాయిలా కనబడే రాతిచేప ముల్లు విషం. దక్షిణాన గ్రి గ్రి వంటి చోట్ల దిబ్బ లేదు, అక్కడ నీళ్ళలోకి దిగనే కూడదు.

అమ్మగారి గురించే ఇంకొక మాట. మా అత్తగారు ఇక్కడ నిలదొక్కుకున్నది మా వల్ల కాదు. ఈ దేశానికి పందొమ్మిదో శతాబ్దంలో కూలీలుగా వచ్చిన తెలుగువారి సంతతి ఇక్కడ ఉంది. కోరంగి రేవు నుంచి ఓడలెక్కినందువల్ల వారిని ఒకప్పుడు కోరింగీలు అనేవారు. ఉగాది ఇక్కడ జాతీయ సెలవు, ప్రాథమిక బళ్ళలో తెలుగు ఐచ్ఛిక భాష, 1990లో ప్రపంచ తెలుగు మహాసభలు ఇక్కడే జరిగాయి. ఇంటింటా తెలుగు మాట్లాడతారనుకుని రాకండి, ఇంటిభాష క్రియోల్ అయిపోయింది. నిలిచినవి పూజలు, రామభజనలు, సింహాద్రి అప్పన్న మొక్కులు. ఒక రామభజనలో డెబ్బయ్యేళ్ళ ముసలమ్మ పక్కన మా అత్తగారు కూర్చున్నారు. ఆ ముసలమ్మ చేతిలో నోటుపుస్తకం, అందులో తెలుగు పాటలన్నీ ఇంగ్లీషు అక్షరాల్లో రాసి ఉన్నాయి. శ్రుతి తప్పకుండా పాడి, ఆపై ఒక మాట మీద వేలు పెట్టి, దీని అర్థమేమిటని క్రియోల్‌లో నన్ను అడిగింది. నేను మా అత్తగారిని అడిగి చెప్పాను. ఆ తరువాత శనివారం అత్తగారే తయారై, గుడికి ఎప్పుడు వెళుతున్నామని అడిగారు. మీరు వచ్చిన మొదటి నెలలోనే దగ్గరలోని తెలుగు మందిరం ఎక్కడుందో కనుక్కోండి.

సామాను తక్కువ తెండి. కరెంటు 230 వోల్టులే, మన గ్రైండరు, మిక్సీ పనిచేస్తాయి. ప్లగ్గు మార్చే అడాప్టర్లు కావాలి. చెక్క సామాను, పుస్తకాల పెట్టెలు వద్దు. విత్తనాలు, మొక్కలు, కరివేపాకు రెమ్మలు అనుమతి లేకుండా తేకూడదు.

ఇన్ని రాశాక మీరు చేయవలసిన మొదటి పని చెబుతాను. సంతకం పెట్టే ముందు మీ భార్యను వారం రోజులు ఇక్కడికి తీసుకురండి. రిసార్టులో వద్దు, కాత్ర్ బోర్న్‌లోనో, రోజ్ హిల్‌లోనో ఒక అద్దె గదిలో ఉండండి. మీరు ఎబెన్‌లో మాట్లాడుకునే రోజుల్లో ఆవిడ ఒంటరిగా బస్సెక్కి బజారుకు వెళ్ళాలి, మీరు అనుకుంటున్న బడి గేటు ముందు పిల్లలు బయటికి వచ్చే వేళకు నిలబడి, వాళ్ళు ఏ భాషలో మాట్లాడుకుంటున్నారో వినాలి. నాకు ఆ వారం ఎవరూ ఇవ్వలేదు. తిరిగి వెళ్ళాక మీరు నోరు విప్పకముందే ఆవిడ అభిప్రాయం అడగండి, అమ్మాయిని కూడా అడగండి.